రైల్లో మందు: చట్టం దేన్ని ఆపుతోంది, దేన్ని వదిలేస్తోంది?

క్లుప్తంగా: రైల్వే చట్టం ప్రకారం రైల్లో మత్తులో ఉండటం నేరం. సీసా వెంట తీసుకెళ్లొచ్చా లేదా అన్నది రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు తేలుస్తాయి. ఎనిమిది మంది కలిసి కూర్చుని, అక్కడే పడుకునే బోగీలో తాగడానికి అనుమతిస్తే తలుపుల దగ్గర ప్రమాదాలు, పరిహారం కేసులు, రాష్ట్రానికో రూలు అనే మూడు చిక్కులు ఒకేసారి వచ్చిపడతాయి. విదేశాల అనుభవం కూడా అనుమతి వైపు గట్టిగా మొగ్గడం లేదు. ఇప్పుడున్న నిబంధనలో స్పష్టత లేకపోవడమే పెద్ద లోటు.

రైల్లో మందు గురించి జనం అడిగే ప్రశ్నలు ప్రధానంగా మూడు. బ్యాగులో ఫుల్ బాటిల్ ఉంటే కేసు పెడతారా? ఎదురు బెర్తులో తాగుతుంటే ఎవరూ ఎందుకు పట్టించుకోరు? వేరే దేశాల్లో రైల్లోనే బీరు అమ్ముతారు కదా, మన దగ్గర ఎందుకు వద్దంటారు? మూడూ ఒకే విషయంలా కనిపిస్తాయి గానీ, జవాబులు మాత్రం వేర్వేరు చట్టాల్లో, వేర్వేరు ఆఫీసుల్లో ఉన్నాయి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. విజయవాడ–గూడూరు మార్గంలో ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా వెళ్లే రైళ్లను తీసుకుంటే ఈ చిక్కుముడి బాగా అర్థమవుతుంది. చెన్నై వైపు నుంచి ఉత్తరానికి వెళ్లే దూరప్రాంత రైళ్లు చాలా వరకు ఈ పట్టాల మీదే నడుస్తాయి.

## సెక్షన్ 145లో ఉన్నది, లేనిది

ప్రయాణికులకు వర్తించే ప్రధాన నిబంధన రైల్వే చట్టం, 1989లోని సెక్షన్ 145. రైలు పెట్టెలో గానీ, స్టేషన్‌తో సహా రైల్వే స్థలంలో ఎక్కడైనా గానీ మత్తులో ఉన్నవాళ్లను, అసభ్యంగా ప్రవర్తించేవాళ్లను, బూతులు తిట్టేవాళ్లను రైల్వే సిబ్బంది దించేయొచ్చు. టికెట్ డబ్బులు తిరిగి రావు. పైగా ఆరు నెలల దాకా జైలు, రూ.500 దాకా జరిమానా. మొదటిసారి శిక్ష పడితే జరిమానా రూ.100కి తగ్గకూడదు. రెండోసారి నుంచి కనీసం నెల రోజుల జైలు, రూ.250 జరిమానా. ప్రత్యేక కారణాలుంటే వాటిని తీర్పులో రాసి, అప్పుడే కోర్టు అంతకంటే తగ్గించగలదు.

రాసిన ఏడాదికి ఇవి పెద్ద మొత్తాలే కావచ్చు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం వచ్చినప్పుడు చౌక రకం క్వార్టర్ ధర రూ.99గా పెట్టారు. అంటే తొలిసారి దొరికినవాడికి చట్టం చెప్పిన కనీస జరిమానా, వాడు తాగిన సీసా ధర దాదాపు ఒకటే.

జరిమానా కంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ఈ సెక్షన్ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చూస్తుంది. పెట్టెలో కూర్చుని తాగడం అనే పనిని మాత్రం విడిగా నేరమని చెప్పలేదు. సిగరెట్ విషయంలో ఈ తికమక లేదు. రైల్లో పొగ తాగడమే నేరం, తాగినవాడి తల తిరుగుతోందా లేదా అన్న చర్చే రాదు. మందు విషయంలో మాత్రం సీసా చేతిలో ఉండగా చూసినా, ‘మత్తులో ఉన్నాడు’ అని నిరూపించాలి.

ఆ మత్తుకు కొలత ఏమిటంటే, చట్టంలో అంకె లేదు. బండి నడిపేవాళ్లకు మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములని గీత గీసింది. రైలు నడిపే లోకో పైలట్ డ్యూటీ ఎక్కే ముందు బ్రీత్ అనలైజర్‌లో ఊదాల్సిందే. వెనక బోగీలో కూర్చున్న ప్రయాణికుడి దగ్గరికి వచ్చేసరికి వాసన, మాట తడబాటు, నడక చూసి అంచనా వేయాలి. కేసు గట్టిగా నిలవాలంటే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు చేత రాయించాలి. రాత్రి పదకొండు గంటలకు, రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్ ఇదంతా చేయాలంటే ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) కేంద్రానిది, రైల్వే పోలీసు (జీఆర్‌పీ) రాష్ట్రానిది. 2003 సవరణ తర్వాత సెక్షన్ 145 లాంటి కేసుల్లో అరెస్టు, విచారణ ఆర్‌పీఎఫ్ చూస్తుంది. కొట్లాట, వేధింపు, దొంగతనం లాంటివి జీఆర్‌పీ పరిధిలోకి వస్తాయి. తాగి గొడవ చేసినవాడి విషయంలో రెండూ కలిసిపోతాయి. ఫిర్యాదు చేసిన ప్రయాణికుడికి మాత్రం ‘వాళ్లనడగండి’ అన్న మాట వినిపించే అవకాశం ఎక్కువ.

## ఒక సీసా, ఎనిమిది రాష్ట్రాలు

సీసా వెంట పెట్టుకోవడం వేరే లెక్క. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం మద్యం తయారీ, కలిగి ఉండటం, రవాణా, అమ్మకం రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి. ఒక్కో మనిషి దగ్గర ఎన్ని సీసాలు ఉండొచ్చు, పక్క రాష్ట్రం సరుకు తేవచ్చా అన్నవి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం పెట్టుకున్న నిబంధనలు. రైలుకు టికెట్ ఒకటే, చట్టం మాత్రం సరిహద్దు దాటినప్పుడల్లా మారిపోతుంది.

చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ గూడూరు, నెల్లూరు, ఒంగోలు, విజయవాడ మీదుగా సాగి తెలంగాణ, మహారాష్ట్ర దాటి గుజరాత్‌లోకి ప్రవేశిస్తుంది. గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ మద్యనిషేధమే. నెల్లూరులో షాపులో బిల్లుతో కొన్న సీసా అక్కడ సూటిగా కేసు. ఈ రైలు వెళ్లే సూరత్ మార్గంలో నవాపూర్ అనే స్టేషన్ ఉంది. రాష్ట్ర సరిహద్దు స్టేషన్ మధ్యలోంచే పోతుంది. ప్లాట్‌ఫామ్ మీద ఒక బెంచీ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. ప్రయాణికులు దాని మీద ఫొటోలు దిగుతారు. ఎక్సైజ్ వాళ్లకు మాత్రం అది సరదా బెంచీ కాదు.

బెంగళూరు నుంచి నెల్లూరు మీదుగా బిహార్ వెళ్లే సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఇంకా పొడుగు కథ. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ దాటి బక్సర్ దగ్గర బిహార్‌లోకి అడుగుపెడుతుంది. అక్కడ 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. 2022 సవరణతో తొలిసారి తాగి దొరికినవాళ్లను జరిమానాతో వదిలే వీలు కల్పించినా, తాగడం నేరం కాకుండా పోలేదు. ఇక్కడి నిర్మాణ పనులు ముగించుకుని ఊరికి పోయే కూలీలకు ఈ రైలు తెలియనిది కాదు. తాగింది ఎక్కడైనా, దొరికేది అక్కడే.

కాబట్టి ‘రైళ్లలో అనుమతి’ అని కేంద్రం ఒక్క ఉత్తర్వుతో తేల్చేయడం కుదరదు. అమ్మాలంటే లైసెన్సు ఏ రాష్ట్రానిది, పన్ను ఎవరికి అన్న ప్రశ్నలు ముందు తెమలాలి. ప్యాలెస్ ఆన్ వీల్స్, మహారాజాస్ ఎక్స్‌ప్రెస్, గోల్డెన్ చారియట్ లాంటి లగ్జరీ టూరిస్టు రైళ్లలో బార్లు ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. అవి ఒకే ట్రిప్పుకు మొత్తం బుక్ అయ్యే రైళ్లు. దారిలో ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఉండరు. బారుకు విడిగా ఒక పెట్టె ఉంటుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీకి ఆ ఏర్పాటును తెచ్చి అతికించలేరు.

## బెర్తు దగ్గర జరిగేది

చట్టాన్ని కాసేపు పక్కనపెట్టి పెట్టె లోపలికి చూస్తే అసలు సమస్య బోగీ కట్టుబడిలోనే కనిపిస్తుంది. స్లీపర్‌లో ఒక బేలో ఎదురెదురుగా ఆరు బెర్తులు, దారికి అవతల సైడ్ బెర్తులు రెండు. మొత్తం ఎనిమిది మంది, చాలాసార్లు ఒకరికొకరు తెలియనివాళ్లు. మధ్య బెర్తు రాత్రి పదింటికి ఎత్తేదాకా కింద బెర్తు అందరి సోఫా. తాగేవాడు కూర్చున్న సీటే ఇంకొకరు పడుకోవాల్సిన చోటు. బారులో పక్క టేబుల్ నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. ఇక్కడ వెళ్లడానికి చోటు లేదు.

తాగడమూ బాహాటంగా జరగదు. అర లీటరు స్ప్రైట్ సీసాలో సగం పారబోసి అందులో క్వార్టర్ కలిపేస్తారు. పక్కన పల్లీల పొట్లమో మిక్చర్ ప్యాకెట్టో, టీ తాగిన పేపర్ కప్పులు రెండు. చూసేవాళ్లకు కూల్‌డ్రింకే. వాసన మాత్రం దాగదు, ముఖ్యంగా ఏసీ బోగీలో. టీటీఈ వచ్చేది టికెట్లు చూడ్డానికి. ఆయనకు చూసుకోవాల్సిన బోగీలు అరడజను దాకా ఉంటాయి. ఎవరైనా గట్టిగా చెబితే ఒక మాట అని ముందుకు పోతాడు. ఈలోపు సీసా కిటికీలోంచి బయటపడుతుంది, సాక్ష్యం కట్ట పక్కన తుప్పల్లోకి చేరుతుంది.

దొంగచాటుగా తాగడానికి ఇంకో గుణం ఉంది, అది వేగం. ఎవరైనా వచ్చేలోపు పూర్తిచేయాలన్న తొందరలో గంటన్నరలో తాగేది పావుగంటలో లాగించేస్తారు. 180 మిల్లీలీటర్ల విస్కీలోనో బ్రాందీలోనో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే సుమారు 60 గ్రాములు. ఖాళీ కడుపుతో గబగబా తాగితే 70 కిలోల మనిషి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కలకు చేరుతుంది. బండి నడిపేవాళ్ల పరిమితికి మూడు రెట్లు. మత్తు గరిష్ఠానికి చేరేది తాగిన అరగంట నుంచి గంటన్నర మధ్య. ఒంగోలు దాటగానే సీసా ఖాళీ చేసినవాడి మత్తు ఎక్స్‌ప్రెస్ నెల్లూరు చేరే వేళకు పతాకస్థాయిలో ఉంటుంది. ఆ తర్వాత కాలేయం గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించగలదు. నెల్లూరులో సింహపురి ఎక్కగానే తాగినవాడు సికింద్రాబాద్ వెలుగులు కనపడేదాకా పూర్తిగా తేరుకోడు.

అనుమతి కోరేవాళ్ల వాదనల్లో బలమైనది ఇక్కడే పుడుతుంది: దాచుకుని గడగడా తాగే బదులు, కొలత ప్రకారం అమ్మితే నెమ్మదిగా తాగుతారు కదా? బార్లో కూర్చునేవాళ్ల విషయంలో ఇందులో నిజముంది. రైల్లో మాత్రం అమ్మిన కొలతకు తోడు సొంత సీసా ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. స్కానింగ్ యంత్రం దాటకుండా ప్లాట్‌ఫామ్ మీదికి చేరే దారులు మన స్టేషన్లలో నాలుగైదైనా ఉంటాయి. విమానాశ్రయంలో సాధ్యమయ్యే తనిఖీ కావలి, సింగరాయకొండల్లో సాధ్యం కాదు. ఇంతా చేసి, అంత తనిఖీ ఉన్న విమానాల్లోనే దేశీయ ప్రయాణాల్లో మద్యం ఇవ్వరు. ఇచ్చే అంతర్జాతీయ విమానాల్లో ఏం జరిగిందో 2022 నవంబరు నాటి న్యూయార్క్–ఢిల్లీ విమానం చూపించింది. మత్తులో ఉన్న ప్రయాణికుడు తోటి ప్రయాణికురాలి మీద మూత్రం పోసిన ఆ ఘటనలో, సరిగా స్పందించలేదని విమానయాన సంస్థకు రూ.30 లక్షల జరిమానా పడింది.

ఆల్కహాల్ శరీరంలో నీటిని నిలిపి ఉంచే హార్మోన్‌ను అణచేస్తుంది కాబట్టి తాగినవాళ్లు మాటిమాటికీ టాయిలెట్‌కు లేస్తారు. స్లీపర్ బోగీలో టాయిలెట్లున్నది రెండు చివర్లలో, తలుపుల పక్కన. తెరిచి ఉంచే తలుపుల పక్కన.

## తలుపు, పరిహారం

2025 నవంబరు 2న కేరళలోని వర్కల దగ్గర, మత్తులో ఉన్న ఒక ప్రయాణికుడు 19 ఏళ్ల అమ్మాయిని కదులుతున్న రైల్లోంచి కిందికి తన్నేశాడు. అది కేరళ ఎక్స్‌ప్రెస్, ఢిల్లీ నుంచి నెల్లూరు మీదుగా వెళ్లే రైలు. ఆ తర్వాత కేరళ రైల్వే పోలీసులు స్టేషన్లలో బ్రీత్ అనలైజర్లతో తనిఖీలు పెంచారు. థాయ్‌లాండ్‌లో 2014లో రాత్రి రైల్లో 13 ఏళ్ల బాలికపై ఒక రైల్వే ఉద్యోగి అత్యాచారం చేసి చంపేశాడు. నేరానికి ముందు అతను తాగి ఉన్నట్టు తేలడంతో అక్కడ రైళ్లలో, స్టేషన్లలో మద్యాన్ని నిషేధించారు.

రెండోది పెద్దగా చర్చకు రాని కోణం: పరిహారం. రైల్వే చట్టం సెక్షన్ 124ఏ ప్రకారం ప్రయాణికుడు రైల్లోంచి ప్రమాదవశాత్తూ పడి చనిపోతే, రైల్వే తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాలి. 2017 జనవరి నుంచి ఆ మొత్తం రూ.8 లక్షలు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఆత్మహత్య ఒకటి, మత్తులో ఉండి చేసిన పని మరొకటి. ప్రయాణికుడి నిర్లక్ష్యం ఉందన్న కారణంతో పరిహారం ఆపలేరని సుప్రీంకోర్టు 2018లో రీనాదేవి కేసులో చెప్పింది. నిర్లక్ష్యానికి దొరికిన ఆ ఊరట మత్తుకు దొరకదు. పోస్టుమార్టం నివేదికలో కడుపులో మద్యం వాసన అన్న ఒక్క వాక్యం చుట్టూ ట్రైబ్యునల్‌లో ఏళ్ల తరబడి వాదన నడిచే వీలుంది. నష్టపోయేది ఇంటి దగ్గరున్న భార్యాబిడ్డలు.

ఇప్పుడు రైల్వే స్వయంగా తాగడానికి అనుమతిచ్చిందనుకుందాం. తానే అమ్మించిన మద్యం తాగి పడిపోయినవాడి కుటుంబానికి ‘మత్తులో ఉన్నాడు, పరిహారం లేదు’ అని ఏ ముఖంతో చెబుతుంది? మినహాయింపు ఎత్తేస్తే భారం రైల్వే మీద, ఉంచితే అన్యాయం ప్రయాణికుడి మీద. వందేభారత్ లాంటి ఆటోమేటిక్ తలుపుల రైళ్లలో పడిపోయే ప్రమాదం తగ్గుతుంది నిజమే. 2023 ఏప్రిల్ నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ నడుస్తోంది. అందులో ఎక్కువమంది వెళ్లేది తిరుమల దర్శనానికి. అనుమతి పరీక్షించడానికి అంతకంటే అననుకూలమైన రైలు వెతికినా దొరకదు.

## బయటి దేశాల లెక్క

జపాన్ బుల్లెట్ రైళ్లలో బీరు డబ్బా తెరవడం మామూలు విషయం. అమెరికాలో ఆమ్‌ట్రాక్ సంస్థ సొంత మద్యాన్ని తలుపు వేసుకునే ప్రైవేటు స్లీపింగ్ గదిలో మాత్రమే అనుమతిస్తుంది. సాధారణ సీట్లలో కూర్చునేవాళ్లు కేఫ్ కారులో కొన్నదే తాగాలి. లండన్ అండర్‌గ్రౌండ్‌లో, బస్సుల్లో 2008 జూన్ 1 నుంచి తాగడం నిషిద్ధం. స్కాట్లాండ్‌లో స్కాట్‌రైల్ 2012లో రాత్రి 9 నుంచి ఉదయం 10 దాకా ఆపింది, 2020 నవంబరులో కోవిడ్ పేరుతో రోజంతా ఆపేసింది.

వీటిని పక్కపక్కన పెడితే ఒక తీరు కనిపిస్తుంది. ఎవరి సీటు వాళ్లదిగా ఉండే పగటి దూర ప్రయాణాల్లో, తలుపు వేసుకునే గదుల్లో అనుమతి నిలబడింది. జనం కిక్కిరిసే చోట, రాత్రివేళ బిగిసింది. మన స్లీపర్, జనరల్ బోగీలు ఈ రెండో కోవలోకే వస్తాయి. ఫస్ట్ ఏసీలో ఇద్దరు ఉండే కూపే మొత్తం ఒకే కుటుంబం బుక్ చేసుకుంటే అది ఆమ్‌ట్రాక్ గదికి దగ్గరగా ఉంటుంది. కానీ నాలుగు బెర్తుల క్యాబిన్‌లో మిగతా ముగ్గురు ఎవరో చార్టు తయారయ్యాక గానీ తెలియదు. డబ్బున్నవాడికో రూలు, జనరల్ బోగీవాడికో రూలు అన్న విమర్శ ఎలాగూ తప్పదు.

ఢిల్లీ మెట్రో ఇంకో దారి చూపించింది. 2023 జూన్‌లో మనిషికి సీలు తీయని రెండు సీసాలు తీసుకెళ్లొచ్చని, లోపల తాగడం మాత్రం కుదరదని ప్రకటించింది. అక్కడా ఎక్సైజ్ నిబంధనలతో పేచీ వచ్చింది. అయినా తీసుకెళ్లడం, తాగడం రెండు వేర్వేరు విషయాలని స్పష్టంగా రాయడం వరకు మంచి పని.

## జిల్లా అనుభవం

మద్యం మీద ఏ నిర్ణయాన్నైనా నెల్లూరు జిల్లా తన పాత లెక్కతో చూస్తుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకున్న దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించడంతో మొదలైన పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు, ఖజానాకు గండి అన్న కారణాలతో 1997లో అది పోయింది.

నిషేధానికీ ఒక ఖర్చు ఉంటుందని ప్రకాశం జిల్లాకు తెలుసు. 2020లో కురిచేడులో మద్యం దొరక్కో, కొనలేకో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అయితే రైల్లో తాగొద్దనడాన్ని మద్యనిషేధంతో కలిపి చూడటం సరికాదు. రైల్లో ఆపేది కొన్ని గంటలు, ఒక పెట్టెలో. దూబగుంట మహిళల అభ్యంతరం కూడా మొదట దుకాణం ఊళ్లో, ఇంటి ముంగిట ఉండటం మీదే. ఎనిమిది మంది పడుకునే బే ఆ రాత్రికి ఇల్లు లాంటిదే.

ఒక్క చిక్కు మాత్రం నిజం. లోపల గట్టిగా ఆపితే ఎక్కే ముందే తాగి వస్తారు. స్టేషన్ బయట షాపు ఉన్నంతకాలం ఇది తప్పదు. దాన్ని పట్టుకునే పని సెక్షన్ 145 బాగానే చేయగలదు, గేటు దగ్గర బ్రీత్ అనలైజర్ ఉంటే.

## మార్చాల్సింది ఏమిటి

అనుమతి ఇవ్వాలా అన్న చర్చ కంటే రెండు విషయాలు సరిచేయడం ముందు జరగాలి. పంచుకునే బోగీలో తాగడమనే పనినే, సిగరెట్ లాగా, స్పష్టంగా నేరమని రాయాలి. అప్పుడు మత్తు కొలతల గొడవ ఉండదు, టీటీఈ స్థాయిలోనే జరిమానా రాసే ఏర్పాటుకు వీలవుతుంది. జరిమానా 1989 ధరల్లో ఉండకూడదు. రెండోది, సీలు తీయని సీసాల విషయంలో రైలు వెళ్లే దారిలోని రాష్ట్రాల పరిమితులను టికెట్ బుక్ చేసేటప్పుడే చూపించాలి. నవజీవన్ టికెట్ మీద ‘గుజరాత్‌లో మద్యం నిషిద్ధం’ అని ఒక లైను వేయడానికి చట్టం కూడా మార్చక్కర్లేదు.

తాగి ఉన్నవాడిని దించేసే విషయంలోనూ జాగ్రత్త కావాలి. అర్ధరాత్రి బిట్రగుంట లాంటి చిన్న స్టేషన్‌లో తూలుతున్న మనిషిని ఒంటరిగా దించితే, పెట్టెలోని ప్రమాదం పట్టాల మీదికి మారుతుంది. ఆర్‌పీఎఫ్ ఉన్న స్టేషన్‌లో, మనిషికి మనిషిని అప్పజెప్పి దించాలి.

అప్పటిదాకా ప్రయాణికులకు ఉన్న దారి 139 నంబరు, లేదంటే రైల్ మదద్ యాప్. రైలు నంబరు, బోగీ, బెర్తు నంబరు, తర్వాత ఆగే స్టేషన్ పేరు ఒకేసారి చెబితే సిబ్బంది ప్లాట్‌ఫామ్ మీదే సిద్ధంగా ఉండే అవకాశం పెరుగుతుంది. ఫిర్యాదు చేసినవాళ్లు స్టేషన్‌లో దిగిపోకుండానే వాంగ్మూలం ఇవ్వొచ్చా అని అక్కడే అడగడం మంచిది. సాక్షి సంతకం లేక, తాగి దొరికినవాళ్లలో చాలామంది తర్వాతి స్టేషన్‌లో మళ్లీ అదే బెర్తుకు వచ్చి కూర్చుంటారు.